కదలని దావీదుగారి కోసం ఒక లెన్సు

నేను కెమెరా పట్టుకుని తిరుగుతున్నానని తెలిసిన దగ్గర్నుంచి ఫోన్లో అందరూ ఒకటే అడుగుతున్నారు: "ఏ లెన్సు కొనమంటారు?" దుకాణంలో అద్దాల బీరువా ముందు నిలబడి దానికి జవాబు చెప్పడం కుదరదని నాకు అనుభవం మీద తెలిసింది. నాకు జవాబు దొరకడానికి తెనాలి నుంచి పొదిలి దాకా వెళ్ళాల్సి వచ్చింది. మార్చి మొదటి వారంలో గురువారం బయల్దేరి ఆదివారానికి పని పూర్తి చేసుకున్నాను. మిరపకాయ కల్లాల మీద ఎర్రగా ఎండే రోజులవి.

పని ఏమిటంటే, పొదిలిలో ఎస్తేరు ఉంది. ఆమె తెలుగు, నేను లెక్కలు, ఇద్దరం అక్కడి బడిలో తొమ్మిదేళ్ళు కలిసి పాఠాలు చెప్పాం. ఆమెకూ దావీదుగారికీ పెళ్ళయి ఈ మార్చికి యాభై ఏళ్ళు. వాళ్ళకు పెళ్ళి ఫొటో లేదు. ఒక్కటి కూడా లేదు. జనవరిలో ఫోన్ చేసి అడిగింది: "నువ్వు కెమెరా కొన్నావంటగా. ఒక్క ఫొటో తీసిపెట్టవే. ఇద్దరం కలిసి, మేం ఇంట్లో ఎలా ఉంటామో అలా." డెబ్బై రెండేళ్ళు వచ్చి ఆవిడ నన్ను అడిగిన మొదటి కోరిక అది. తీస్తానని మాటిచ్చాను. ఇచ్చాక భయం వేసింది.

తోడుగా మా ఆడపడుచు రాజ్యం వచ్చింది. నాకంటే ఐదేళ్ళు చిన్నది. ఫొటోలంటే ఆసక్తి లేదు, ప్రయాణాలంటే ప్రాణం. కెమెరా స్టాండు తనే మోస్తానని ఒప్పుకున్నాకే తీసుకెళ్ళాను.

గుంటూరు: తుమ్ములతో తేలిన బేరం

మొదట ల్యాప్‌టాప్ కొనాలి. నా పాతదానిలో ఒక్క ఫొటో తెరుచుకునేలోపు కందిపప్పు ఉడికేది. కొత్తదానికి మెమరీ పదహారు జీబీ ఉండాలని, కెమెరా కార్డు నేరుగా దూరే గాడి ఉండాలని, బరువు ఒకటిన్నర కిలో దాటకూడదని ముందే అనుకున్నాను. ఇవి అట్ట మీద రాసి ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. అట్ట మీద రాయనిది ఒకటుంది, తెర రంగు. ఎరుపుని కొన్ని తెరలు నారింజ చేస్తాయి, కొన్ని గులాబీ చేస్తాయి. మన జిల్లాలో ఎరుపు తప్పు చూపించే తెరతో ఏం చేసుకోను?

అందుకని ఇంటి దగ్గర డాబా మీద గుప్పెడు ఎండు మిరపకాయలు పోసి ఫొటో తీసి, ఆ ఫొటోనీ ఆ కాయల్నీ రెండూ వెంట తెచ్చుకున్నాను. దుకాణంలో మౌనిక అనే అమ్మాయి మూడు ల్యాప్‌టాప్‌లు వరసగా పెట్టింది. మూడింటిలోనూ అదే ఫొటో పెట్టించి, పక్కన కాయ పెట్టి చూద్దామని సంచీ విప్పాను.

"ఏంటమ్మా అవి?"

"మిరపకాయలు."

"అది తెలుస్తూనే ఉందమ్మా. ఇక్కడికెందుకు?"

జవాబు చెప్పేలోపే మొదటి తుమ్ము వచ్చింది. ఆటోలో రాజ్యం నా సంచీ మీద స్టాండు పెట్టుకుని కూర్చుంది. కాయలన్నీ నలిగి పొడయ్యాయి. నేను సంచీ విప్పింది సరిగ్గా ఏసీ గాలి కింద. మౌనిక తుమ్మింది, రాజ్యం తుమ్మింది, పై అంతస్తులో ప్రింటర్లు చూస్తున్న భార్యాభర్తలు తుమ్ముతూ కిందికి దిగి వచ్చారు.

"గుంటూరులో పుట్టి మిరపకాయకి తుమ్మడం ఇదే మొదలు," అన్నాడు ఆ భర్త, ముక్కు తుడుచుకుంటూ.

"మాది తెనాలిలెండి. మా వదిన ఎక్కడికెళ్ళినా ఇంతే," అంది రాజ్యం.

నలగని కాయలు రెండు మిగిలాయి. వాటిని తెరల పక్కన పెట్టి చూశాం. మొదటి తెరలో కాయ టమాటాలా ఉంది. రెండోదానిలో మందారంలా ఉంది. మూడోదానిలో మాత్రం కాయ పక్కన కాయే ఉంది. మౌనిక వంగి చూసి, "అవునమ్మా! రోజూ వీటినే అమ్ముతున్నా, ఇలా ఎప్పుడూ చూళ్ళేదు," అంది. ధర అరవై రెండు వేలు. రెండోదాని కంటే నాలుగు వేలు ఎక్కువ. ఆ నాలుగు వేలూ ఎరుపు కోసం పెట్టాను. వచ్చేటప్పుడు మౌనిక ఆ రెండు కాయల్నీ అడిగి ఉంచుకుంది, తర్వాత వచ్చేవాళ్ళకు చూపించడానికట.

తర్వాత రెండు వీధుల అవతల, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లకు సామాను అద్దెకిచ్చే దుకాణం. అక్కడి ఆయన నన్ను చూడగానే, "యాభై లెన్సు తీసుకోండమ్మా, అందరూ అదే తీసుకుంటారు," అన్నాడు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. నా కెమెరాలో వెలుగు పట్టే పలక, అంటే సెన్సరు, పాతకాలపు ఫిల్ము కంటే చిన్నది. పెద్ద కిటికీలోంచి కనిపించే పొలాన్నే చిన్న కిటికీలోంచి చూసినట్టు చుట్టూ అంచులు తెగిపోతాయి. అందుకని లెన్సు మీద రాసిన అంకెను ఒకటిన్నరతో హెచ్చవేసుకోవాలి. యాభై అని రాసి ఉంటే డెబ్బై ఐదులా, ముప్పై ఐదు అని ఉంటే యాభై రెండున్నరలా చూస్తుంది. అంకె పెరిగేకొద్దీ మనం వెనక్కి జరగాలి. పొదిలిలో ఎస్తేరు వాళ్ళ ముందుగది నాకు తెలుసు. ఆ గదిలో డెబ్బై ఐదు పట్టుకుని వెనక్కి జరిగితే నేను వంటింట్లోకి పోతాను, వాళ్ళిద్దరూ మెడల దాకానే వస్తారు.

"యాభై వద్దు. ముప్పై ఐదు ఇవ్వండి. ఆ పొడుగు జూమ్ కూడా ఇవ్వండి. రెండూ వాడి చూసి ఒకటి కొంటాను," అన్నాను.

ఆయన రాజ్యం వంక చూశాడు. "పెద్దావిడ లెక్కల టీచరా?"

"ఇంకా రిటైరు కాలేదండి," అంది రాజ్యం.

నిజం చెప్పాలంటే నా మనసు జూమ్ మీదే ఉంది. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాక్కొచ్చే లెన్సు చేతిలో ఉంటే వయసు తగ్గినట్టుంటుంది. ముప్పై ఐదు బొటనవేలంత ఉంది, దానికి జూమ్ లేదు. కాకపోతే దాని నోరు పెద్దది. లెన్సు నోరు ఎంత తెరుచుకుంటే లోపలికి అంత వెలుగు.

నరసరావుపేట దాటాక: కల్లంలో కూలబడటం

శుక్రవారం పొద్దున వినుకొండ రోడ్డులో ఒక కల్లం చూసి అద్దెకారు ఆపించాను. ఎకరం మేర ఎర్ర దుప్పటి పరిచినట్టు కాయలు. దాని అంచున ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. మా తెనాలి వైపు వరి కోతల్లో ఆడవాళ్ళు తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఇక్కడ చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు. ఆ ఎరుపు మీద ఆ నీలం చొక్కాలు చూసి నా చేతులు ఆగలేదు. కెమెరాకు జూమ్ తగిలించుకుని దిగాను.

"ఏ టీవీ అమ్మా?" అంది చివర కూర్చున్నావిడ.

"టీవీ కాదు, నా సరదాకి."

"ఈ ఎండలో సరదానా! మేం కూలి ఇస్తే వచ్చాం. మీరు ఎదురు డబ్బులు పెట్టుకుని వచ్చారా?"

"అడగండి, గట్టిగా అడగండి. పొద్దుట్నుంచీ నేనూ అదే అడుగుతున్నా," అంది రాజ్యం.

ఫొటో అనగానే అందరూ గబగబా చొక్కాలు విప్పేసి, గుడ్డలు తీసేసి, కొప్పులు సర్దుకుని నా దగ్గరికి వచ్చేశారు. నాకు కావలసిందేమో ఆ చొక్కాలు! పైగా జూమ్ మీద తక్కువ అంకె యాభై ఐదు. ఒకటిన్నరతో హెచ్చవేస్తే ఎనభై రెండున్నర. నేను ఒక అడుగు వెనక్కి వేస్తే వాళ్ళు ఒక అడుగు ముందుకు వేస్తారు. లెన్సు మారుద్దామంటే కుదరదు. ఆ గాలిలో కెమెరా మూత తెరిస్తే కారప్పొడి సెన్సరు మీద కూర్చుంటుంది. అలా వెనక్కి జరిగి జరిగి, రాశి పోసిన కాయల్లో కూలబడ్డాను.

రైతు కేక పెట్టాడు. "కదలమాకండి! కాళ్ళాడించమాకండమ్మా, కాయ నలిగిపోద్ది! నేనొచ్చి లేపుతా!"

నా నడుము గురించి ఎవరూ అడగలేదు. అది న్యాయమే. సంవత్సరం కష్టం మీద నేను కూర్చున్నాను. ఆయన నన్ను జాగ్రత్తగా, తూకం వేసే బస్తాను లేపినట్టు లేపాడు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఆ నవ్వు వదులుకోలేక వెంటనే కెమెరా కంటికి ఆనించాను. అక్కడ చేశాను అసలు తప్పు. పడ్డప్పుడు కారం అంటిన చేతులతోనే కెమెరా వెనక, కన్ను ఆనించే రబ్బరు పట్టుకున్నాను. కారం చేత్తో కన్ను తాకకూడదని నాకు ఐదేళ్ళప్పుడే తెలుసు. కారం అంటిన రబ్బరుకి కన్ను ఆనించకూడదని మాత్రం డెబ్బై ఒకటో ఏట తెలిసింది.

"నలపమాకండి, నలపమాకండి!" అంటూ ఇందాకటి ఆవిడే బిందెడు నీళ్ళు తెచ్చి, నా తల పట్టి వంచి, కంట్లోకి ధారగా పోసింది. "మాకూ మొదటేడు ఇట్టాగే అయిద్దిలేమ్మా. సరదాకొచ్చినోళ్ళు రెండో ఏడు రారు," అంది.

"ఈవిడ వస్తుంది," అంది రాజ్యం.

వచ్చేటప్పుడు రైతు సంచీలో నాలుగు దోసిళ్ళ కాయ పోశాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు. "మీరు కూర్చున్నవేలెండి," అన్నాడు.

వినుకొండ: జూమ్ గెలిచిన సాయంత్రం

సాయంత్రం లాడ్జి డాబా మీదికెక్కి కొండ వైపు జూమ్ తిప్పాను. కొండ మీద గుడి మెట్లెక్కుతున్న ఒక తల్లి, పిల్లాణ్ణి ఒక చంకనుంచి ఇంకో చంకకి మార్చుకోవడం స్పష్టంగా కనిపించింది. ఎండ వాలి రాళ్ళు బంగారం రంగుకి తిరిగాయి. ఈ లెన్సే కొంటానని అప్పుడే నిశ్చయించుకున్నాను. రాజ్యానికి ఇస్తే కొండ మీద అరటిపండు తింటున్న కోతిని పట్టుకుని అరగంట వదల్లేదు. "వదినా, తొక్క ఎక్కడ పారేసిందో కూడా కనపడుతోంది!"

కింద బండి మీద మిరపకాయ బజ్జీలు, ప్లేటు నలభై. మా తెనాలిలో మిరపకాయ చీల్చి, గింజ తీసి, లోపల వాము పెడతారు. ఇక్కడ కాయను కాయలాగే ముంచుతారు.

"గింజ తీశారా?" అని అడిగాను.

బండి ఆవిడ జాలిగా చూసింది. "గింజ తీస్తే ఇంకేం తింటారమ్మా, పిండా?"

రెండు తిన్నాను. కన్నూ నోరూ సమానంగా మండాయి. ఒక విధంగా అది సుఖంగానే ఉంది.

పొదిలి: శనివారం

దర్శి రోడ్డులో పత్తి ఆఖరి తీత అయిపోయింది. కంపకు అక్కడక్కడా తెల్లటి పీచు వేలాడుతోంది. మా వైపు కాలవ కనపడకుండా మైలు దూరం పోలేం. ఇక్కడ ఆకాశం తప్ప నీళ్ళకి ఇంకో దారి లేదు. అయినా ఇంటికొచ్చినవాళ్ళకు ముందు చెంబెడు నీళ్ళిచ్చాకే పలకరింపు.

ఎస్తేరు మాత్రం చెంబుతో పాటే పలకరించింది. "ఏమే శారదా, లావయ్యావు! కన్నేంటి, అలా ఎర్రబడింది? ఏడ్చావా?"

"మిరపకాయలు తీశానే."

"ఫొటోలా, కారమా?"

దావీదుగారు వాకిట్లోకొచ్చి నమస్కారం పెట్టారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వు దాచుకున్నట్టుండే మనిషి. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. మాట్లాడుతూ చేతులు ఆడిస్తారు. స్తంభం ఎక్కడం గురించి చెబితే ఎక్కి చూపించినట్టే ఉంటుంది. బాగుందని కెమెరా ఎత్తాను. ఆయన చేతులు పక్కలకు అతుక్కున్నాయి. గడ్డం పైకి లేచింది. ఊపిరి ఆగింది. దించాను, మళ్ళీ మనిషయ్యారు. ఎత్తాను, స్తంభమయ్యారు.

వంటింట్లో ఎస్తేరు అసలు సంగతి చెప్పింది. పెళ్ళికి ఒంగోలు నుంచి ఫొటోగ్రాఫరుని పిలిపించారు. రోజంతా "కదలమాకండి, కదలమాకండి" అంటూ ఫొటోలు తీశాడట. వారం తర్వాత ఒట్టి చేతులతో వచ్చాడు. పెళ్ళికొడుకు కదిలాడు, అందుకే ఒక్కటీ రాలేదన్నాడు.

"మనిషి కదిలితే ఒకటి పాడవుతుంది. అన్నీ ఎలా పాడవుతాయే? వాడు రీలు సరిగ్గా ఎక్కించి ఉండడు," అన్నాను.

"నాకు తెలుసు. నువ్వు చెప్పినా ఆయన నమ్మడు. మా అమ్మ అప్పుడు అందరిలో ఒక మాటంది, కాసేపు కుదురుగా నిలబడలేవా నాయనా అని. అప్పట్నుంచీ ఇంతే. పిల్లల పెళ్ళిళ్ళ ఫొటోల్లో కూడా చూడు, కాపలా పోలీసులా ఉంటాడు." కూర కలిపి మూత పెట్టింది. "ఆయన నవ్వుతాడని మా మనవలకి ఫొటో చూపించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదే."

అది విన్నాక జూమ్ మీద నా ఆశ రెట్టింపయింది. దూరంగా ఎక్కడో నిలబడి, ఆయనకు తెలియకుండా తీసేయొచ్చు.

సాయంత్రం, మర్నాడు వాళ్ళిద్దరూ పెళ్ళి ప్రమాణాలు మళ్ళీ చేయబోయే చర్చి చూడ్డానికి వెళ్ళాం. చిన్నది, ఎత్తున నాలుగే కిటికీలు. పాస్టరుగారు మర్యాదగా చెప్పారు: "ఫ్లాష్ మాత్రం వద్దమ్మా. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నవాళ్ళు ఉలిక్కిపడతారు." రాజ్యాన్ని పెళ్ళికొడుకు స్థానంలో నిలబెట్టి వెనక బల్ల నుంచి జూమ్‌తో తీశాను. ఇంటికొచ్చి కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచాం. రాజ్యానికి ఇద్దరు రాజ్యాలు కనిపించారు. పొడుగు జూమ్ నోరు చిన్నది. చీకట్లో వెలుగు చాలక ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అంతసేపట్లో మనిషి కదిలినా, నా చెయ్యి కదిలినా అలుక్కుపోతుంది. కోతి అరటిపండుకి అది మంచి లెన్సు. సోమవారం గుంటూరులో దాన్ని తిరిగిచ్చేటప్పుడు రాజ్యమే ఎక్కువ బాధపడింది.

మిగిలింది బొటనవేలంత ముప్పై ఐదు. దానితో తీయాలంటే దావీదుగారి ఎదురుగానే నిలబడాలి.

ఆదివారం

ఎస్తేరు తెల్లచీర కట్టుకుంది. ఆయన కొత్త బూడిదరంగు కోటు వేసుకున్నారు. పాస్టరుగారు ఇద్దరిచేతా పాత ప్రమాణాలు మళ్ళీ చెప్పించారు. పాటలు, చప్పట్లు, వెనక బల్లల్లో వాళ్ళ కూతుళ్ళు కళ్ళు తుడుచుకోవడం, అన్నీ దొరికాయి. లెన్సు నోరు పూర్తిగా తెరిచాను, కిటికీ వెలుగే సరిపోయింది. ఎస్తేరు ఎంత బాగా వచ్చిందో! ఆమె పక్కన దావీదుగారు. గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి.

భోజనానికి నాటుకోడి పులుసు, గారెలు, నా కోసం ప్రత్యేకంగా జొన్నరొట్టె, పండుమిరప కారం. మా ఇళ్ళలో ఇంత భోజనం అయ్యాక మాటలు ఆగిపోతాయి. ఇక్కడ అప్పుడే మొదలవుతాయి. ఎండ రాకుండా తలుపు దగ్గరికేసి, ముందుగదిలో మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఫొటోలు దానిలోకి ఎక్కించి, కార్డు మళ్ళీ కెమెరాలో పెట్టాను. ఎస్తేరు పక్కన కూర్చుంది. ఒక్కొక్క ఫొటో జరుపుతుంటే ఆమె నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. చివరికి, "పోనీలే శారదా. ఇదైనా ఉంది. లేనిదానికంటే నయం కదా," అని నా చెయ్యి నిమిరింది. నన్ను ఓదారుస్తోంది! లేచి వెళ్ళి బీరువాకి ఆనుకుని నిలబడ్డాను. కెమెరా ఇంకా మెడలోనే ఉంది.

దావీదుగారు పెరట్లో చేతులు కడుక్కుని వచ్చారు. కోటూ చొక్కా ఎప్పుడో విప్పేశారు. బనీను, లుంగీ. "వచ్చాయా?" అని అడిగారు, పరీక్ష రాసిన పిల్లాడిలా.

"వచ్చాయి అన్నయ్యగారూ," అంది రాజ్యం. "పెళ్ళి ఆల్బమా, ఆధార్ కార్డా అన్నది తేలట్లేదు. చూడండి, ప్రార్థనలో ఆధారు. కేకు కోస్తూ ఆధారు. ఎస్తేరు వదిన పూలదండ వేస్తే కూడా ఆధారే!"

ఆయన మంచం మీద ఎస్తేరు పక్కనే కూర్చుని తెర మీదికి వంగారు. ఒక ఫొటో చూశారు. ఇంకోటి చూశారు. "ఓర్నీ," అన్నారు. "ఎస్తేరూ, నేను నిజంగా ఇలా ఉంటానా?"

"యాభై ఏళ్ళుగా!"

ఆయన నవ్వారు. దాచుకున్న నవ్వంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. తనను తాను చూపించుకుంటూ చెయ్యి ఊపారు. ఎస్తేరు ఆయన భుజం మీద పడిపోయి నవ్వుతోంది. తెర వెలుగు ఇద్దరి మొహాల మీదా పాలలా పరుచుకుంది. నా వెనక బీరువా. ఇంకో అడుగు వెనక్కి వేసే చోటు లేదు. ముప్పై ఐదు ఒకటిన్నరలు యాభై రెండున్నర: ఇద్దరూ, మంచం పట్టె, ల్యాప్‌టాప్ అంచు, అన్నీ సరిగ్గా పట్టాయి. నొక్కాను.

ఆ చప్పుడుకి దావీదుగారు తలెత్తి, వెంటనే గడ్డం పైకి లేపబోయారు. "ఉండండి, ఉండండి! నేనింకా రెడీ కాలేదు!"

"అయిపోయిందండి," అన్నాను.

కార్డు గాడిలో పెట్టి, ఆ ఫొటోని తెరనిండా పరిచాను. లోపాలు నేనే ముందు చెబుతాను. చీకటి మూలన ఇసక చల్లినట్టు గరుకు కనపడుతోంది. ఆయన ఎడమ చెవి మసకబారింది. ఊపిన చెయ్యి పొగలా సాగిపోయింది. ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దావీదుగారు చాలాసేపు చూశారు. తర్వాత ఆ పొగలాంటి చేతి మీద వేలు పెట్టారు.

"ఇదుగో. ఇక్కడ నేను కదిలాను."

"కదిలారు," అన్నాను.

"అయినా వచ్చిందే!"

"వచ్చింది," అంది ఎస్తేరు కళ్ళు తుడుచుకుంటూ. "బనీనుతో వచ్చింది."